చిన్నేటిలో నీలిమందు

మా వీధిలో ఎవరింట్లో ఏ మూల దుర్వాసన వచ్చినా, చచ్చిన ఎలుక కోసం బీరువాలు జరిపే అలవాటు ఉండేది కాదు. మా ఎదురింటి తలుపు కొట్టి ముక్కుని పిలిచేవాళ్ళు. అతను గుమ్మంలో ఒక్క క్షణం ఆగి గాలి పీల్చి, ఎలుక కాదు, స్నానాల గది గొట్టం పగిలింది, గోడ వెనక తవ్వించండి అనేవాడు. తవ్విస్తే గొట్టం పగిలే ఉండేది. తన పనైపోయినట్టు చెప్పులేసుకుని వెళ్ళిపోయేవాడు. టీ ఇస్తామన్నా ఆగేవాడు కాదు.

ముక్కు అన్నది తల్లి పెట్టిన పేరు కాదు, ఊరు పెట్టింది. చూస్తే ఆ ముక్కు అంత గొప్పగానూ ఉండదు. చిన్నది, కొస కాస్త చప్పిడిది. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు అతని ఉద్యోగం చెప్పాలి. ఊరి చివర, పెద్దేరుకీ చిన్నేరుకీ మధ్య ఉన్న మెట్టమీద మురుగునీళ్ళు శుభ్రం చేసే ప్లాంటు ఉంది. ఊరందరి స్నానాల నీళ్ళూ, గిన్నెల నీళ్ళూ, చెప్పకూడని నీళ్ళూ అన్నీ భూమిలోపలి గొట్టాల్లో అక్కడికే చేరతాయి. అక్కడేం చేస్తారో తెలుసుకోకుండా నేను ఊరుకుంటానా? ఒకసారి పనిగట్టుకుని వెళ్ళి చూశాను. మొదటి తొట్టిలో ఊచల జల్లెడ ఉంటుంది. గుడ్డపీలికలూ, ప్లాస్టిక్కూ అక్కడ చిక్కుకుంటాయి. ఆ తర్వాత గాలి తొట్లు. మిషన్లు అడుగునుంచి గాలి ఊదుతుంటే నీళ్ళు కుతకుత ఉడుకుతున్నట్టు కనిపిస్తాయి, గోధుమరంగు నురగ కడుతుంది. ఆ గాలి పీల్చుకుని బతికే పురుగులు, కంటికి కనిపించనంత చిన్నవి, మురికిని తినేస్తాయట. ఆపైన నీళ్ళు తేరుకుని, తేటవి పెద్దేట్లోకి పోతాయి. చిన్నేరు ప్లాంటుకి రెండో పక్కన పారుతుంది. దాని జోలికి ప్లాంటు పోదు.

ఆ పురుగులు బాగున్నాయా లేదా అన్నది వాసనే చెబుతుందని ముక్కు అనేవాడు. "గాలి తొట్టి ఆరోగ్యంగా ఉంటే తొలకరికి తడిసిన మట్టి వాసనొస్తుంది పిన్నీ. జబ్బు చేస్తే కుళ్ళిన గుడ్డు." ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి పురుగులన్నీ ఉన్నట్టుండి చచ్చిపోయాయి. ఇతను మొదటి తొట్టి దగ్గర నిలబడి ఇది వార్నీషు వాసన అన్నాడు. అక్కడినుంచి గొట్టం వెంటే వీధి వీధికీ వెనక్కి నడుస్తూ, మ్యాన్‌హోలు మూత ఎత్తడం, వంగి వాసన చూడడం, మళ్ళీ నడవడం. పిల్లలు వెంటపడి నవ్వారు. చివరికి బజారు వెనక సందులో కుర్చీలు చేసే వడ్రంగి షెడ్డు ముందు ఆగాడు. వాళ్ళు బ్రష్షులు కడిగిన నీళ్ళన్నీ కాలవలో పోస్తున్నారు. ఆ రోజు నుంచి అతను ముక్కు. ఇంజనీరు కూడా అలాగే పిలిచేవాడు.

అతనికి అక్క ఒకతె. తల్లి పోయేనాటికి ఇతనికి నడకే సరిగ్గా రాలేదు. అక్క అప్పటికే చిన్నేటి రేవులో బట్టలుతికేది. తమ్ముణ్ణి చంకనేసుకుని రేవుకి వెళ్ళి, ఎండ తగలని బండమీద కూర్చోబెట్టి, పారిపోకుండా తన చీర చెంగు వాడి నడుముకి కట్టి, ఆ కట్టుతోనే ఉతికేది. పెళ్ళి చేసుకోమని మేమంతా పోరాం. "ఇప్పటికే ఒక మొగవాణ్ణి మోస్తున్నా, ఇంకోణ్ణి మొయ్యలేను" అనేది. తమ్ముడికి చదువూ పెళ్ళీ తనే చేసింది. వాడి భార్య పోతే పిల్లనీ తనే పెంచింది. ఇళ్ళల్లోకి బట్టలుతికే మిషన్లు వచ్చాక రేవులో చాలామంది పని మానేశారు గానీ, లాడ్జీల దుప్పట్లూ ఆసుపత్రి దుప్పట్లూ మాత్రం ఈమె దగ్గరికే వచ్చేవి. ఆమె నీలిమందు పెట్టిన తెలుపు ఇంకెవరికీ కుదరదు. గుడ్డ మీద నీలం ఉన్నట్టు తెలియకూడదు, లేకపోతే మాత్రం లోటు తెలియాలి. ఆమె చేతిలో ఆ కొలత ఉండేది.

వారం వారం తమ్ముడి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి తనే తెచ్చి ఇచ్చేది. ఇచ్చేటప్పుడు పై చొక్కా తీసి అతని మొహానికి ఆనించేది. "చూడు." అతను గట్టిగా పీల్చి, "ఘుమఘుమలాడిపోతోందక్కా" అనేవాడు. ఊరంతటికీ ముక్కు అయినవాడు తన సబ్బుని మెచ్చుకుంటే ఆవిడకి ఆ వారానికి అదే తిండి. మా కిటికీలోంచి ఇదంతా నాకు కనిపిస్తుంది. కిటికీ ఉన్నది అందుకే కదా.

ఇక మూడో మనిషి వియ్యంకుడు. ముక్కూ అతనూ బడిలో ఒకే బల్లమీద కూర్చున్నవాళ్ళు, ఒకే రోజు ప్లాంటులో చేరినవాళ్ళు. జల్లెడ వైపు పని అతనిది, గాలి తొట్ల వైపు ఇతనిది. చివరికి ముక్కు కూతుర్ని అతని కొడుకే చేసుకున్నాడు. పెళ్ళయిన మర్నాటినుంచి ఆయన ఇతన్ని "బావగారూ" అని పిలవడం మొదలుపెట్టాడు. నిన్నటిదాకా ఒరేయ్ అన్న నోటితో బావగారూ ఏమిటని ముక్కు సిగ్గుపడి చచ్చేవాడు. వియ్యంకుడు నవ్వుతూ ఉండే మనిషి, పదిమందికి పనికొచ్చే మనిషి. గొయ్యిలోకి దిగాల్సి వస్తే ముందు తనే వంగి వాసన చూసి, విషపు గాలి లేదని తేలితేనే ముక్కుని దిగనిచ్చేవాడు. అది మాత్రం నిజం. జరిగినదంతా తెలిశాక కూడా ఆ నిజం అలాగే ఉంది. అదే నాకు మింగుడుపడదు.

కిందటి ఎండాకాలం చిన్నేరు కంపు కొట్టడం మొదలుపెట్టింది. ముందు దిగువ వీధివాళ్ళు అన్నారు. ఆ వీధి ఏటి ఒడ్డునే ఉంటుంది. దర్జీ ఆమె, అంటే అక్కకి చిన్ననాటి నేస్తం, కిటికీలు మూసుకుని మిషను కుట్టుకుంటున్నానని గోల పెట్టింది. అందరూ కలిసి ముక్కు దగ్గరికి వచ్చారు. మీ ప్లాంటు నీళ్ళే ఎక్కడో ఇటు దారి తప్పాయేమో చూడమన్నారు. ఆ సాయంత్రం అతను రేవుకొచ్చాడు, పక్కన వియ్యంకుడు. సహజంగా నేనూ వెళ్ళాను. ముక్కు నీటి అంచున వంగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, మొహం దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. వియ్యంకుడు కూడా వంగి చూసి అతని చెవిలో ఏదో అన్నాడు. ముక్కు లేచి చేతులు తుడుచుకుని చెప్పాడు. ఇది మురుగు కాదు, ఎండకి ఏరు తగ్గి నాచు కుళ్ళుతోంది, వాన పడితే పోతుంది.

నాకు వచ్చిన వాసన నాచుది కాదు. దర్జీ ఆమెకి వచ్చిందీ నాచుది కాదు. కానీ ముక్కు చెప్పాక ఇంకేముంది? కళ్ళజోడు కొట్టువాడు కాదన్నాక మన కళ్ళకి కనిపించిన అక్షరాన్ని మనమే చెరిపేసుకున్నట్టు, ఎవరి ముక్కు వాళ్ళే కాదనుకుని ఇళ్ళకి పోయాం.

అక్క అయితే ఇంకా ముందుకు పోయింది. పొద్దంతా ఆ నీళ్ళలో మోకాళ్ళదాకా నిలబడేది ఆవిడే. ఆవిడకి తెలియకుండా ఉంటుందా? ఒకసారి నేనే అడిగితే, "వస్తోంది పిన్నీ, కడుపులో తిప్పేలా వస్తోంది. అయితే వాడు నాచన్నాడుగా. నా ముక్కు వాడి ముక్కుకంటే పెద్దదా?" అంది. దర్జీ ఆమె మళ్ళీ మురుగన్నందుకు నడివీధిలో దెబ్బలాడి మాటలు మానేసింది. నీళ్ళు మారిన కొద్దిరోజులకే ఆవిడ వేళ్ళ సందులు చిట్లడం మొదలైంది. చేతులు మోచేతులదాకా ఎర్రబడ్డాయి. ఆసుపత్రి నర్సు చూసి మురికినీళ్ళలో చేతులు పెట్టొద్దంటే, ఎక్కడి మురికి, మా తమ్ముడు స్వయంగా చూశాడు అని కొత్త సబ్బుమీద నేరం తోసి, సబ్బు మార్చింది. మళ్ళీ అవే నీళ్ళలో దిగింది.

ముక్కు మాత్రం ఆ రోజుల్లో మహా ఉషారుగా ఉండేవాడు. గాలి తొట్లలోంచి నీళ్ళు ఎన్నడూ లేనంత తేటగా వస్తున్నాయట. గాజు జాడీలో పట్టి చూస్తే అవతలి గోడమీద రాసింది చదవొచ్చట. అదంతా తన పురుగుల గొప్ప అని, వియ్యంకుడు జల్లెడ బాగా చూస్తున్నందుకేనని వీధంతా చెప్పుకున్నాడు. పాపం, నీళ్ళు తేటగా రావడం కూడా అనుమానించాల్సిన సంగతేనని ఎవడికి తోస్తుంది?

ఒక మధ్యాహ్నం మా వంటింట్లో కూర్చున్న నాకు మాడిన పాల కంపు వచ్చింది. నా పొయ్యిమీద ఏమీ లేదు. బయటికొస్తే ఎదురింటి కిటికీలోంచి పొగ. పరుగున వెళ్ళాను. ముక్కు ముందుగదిలో కాళ్ళు బల్లమీద పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాడు. నన్ను చూసి తీరుబడిగా, "రా పిన్నీ, పాలు పెట్టాను, టీ తాగుదువుగాని" అన్నాడు. వంటింటి గుమ్మందాకా పొగ వచ్చేసింది. అతను గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు కాబట్టి కనిపించలేదు. నేను లోపలికెళ్ళి పొయ్యి కట్టేశాను. గిన్నె అడుగు బొగ్గయింది. నాకు దగ్గొస్తోంది, కళ్ళు మండుతున్నాయి. మసిగుడ్డతో గిన్నె పట్టుకొచ్చి అతని ముందు పెట్టాను. అప్పుడు చూశాడు, అప్పుడు లేచాడు.

నేనేమీ అడగలేదు. నా జన్మలో నోరు మూసుకుని నిలబడ్డ సందర్భాలు చాలా తక్కువ, అది ఒకటి. అతనే చెప్పాడు.

రెండు చలికాలాల కిందట పట్టిన జ్వరం పోతూ పోతూ వాసన తీసుకుపోయిందట. మొదట జలుబనుకున్నాడు, తర్వాత ఆవిరి పట్టాడు, తర్వాత పొరుగూరి డాక్టరుకి చూపించుకున్నాడు. ఇక రాదన్నారు. పైవాళ్ళకి తెలిస్తే తొట్ల దగ్గరినుంచి తీసి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతారు. అంతకంటే, ఊరు పిలిచే పేరు ఏమవుతుంది? ఒక్క వియ్యంకుడికే చెప్పుకున్నాడు. అతను భుజంమీద చెయ్యి వేసి, ఇక నీ ముక్కుని నేనే, ఎవరికీ చెప్పకు, నేను చూసుకుంటా అన్నాడట. ఆ రోజునుంచి పొద్దున్నే తొట్టి నీళ్ళు జాడీలో ముంచి ఇతను పట్టుకుంటే అతను వాసన చూసి చెప్పేవాడు. మట్టి వాసన, బాగుంది బావగారూ. రోజూ అదే మాట.

"మరి అక్క తెచ్చే చొక్కాలు?" అన్నాను.

తలొంచుకున్నాడు.

నా బుర్ర ఒకచోట నిలబడేది కాదు. చొక్కాలనుంచి రేవుకి పోయింది. "ఆ రోజు ఏటి దగ్గర వాసన చూసిందెవరు నాయనా?"

"బావగారు."

అది నాచు వాసన కాదని నేను చెప్పాను. చెప్పక తప్పలేదు. అతను కాదని వాదించాడు. నీకేం తెలుసన్నాడు. పుట్టినప్పటినుంచీ తెలిసినవాడు, పిల్లనిచ్చుకున్నవాడు అన్నాడు. అంటూనే మసిబారిన గిన్నెని గోటితో గీకుతూ, మొదటి తొట్టి సంగతి తనంతట తనే ఎత్తాడు. అక్కడ జల్లెడ వెనక ఒక పక్క గేటు ఉందట. కుంభవృష్టి పడి నీళ్ళు ఎక్కువైనప్పుడు ప్లాంటు మునిగిపోకుండా చిన్నేట్లోకి వదలడానికి పెట్టింది. మామూలు రోజుల్లో తెరవకూడదు. దాన్ని తెరిచి ఎన్నేళ్ళయిందో తనకే గుర్తులేదు, చక్రం తుప్పుపట్టి ఉండాలి. మర్నాడు వెళ్ళి చూశాడు. చక్రానికి కొత్త గ్రీజు ఉంది. ఒంటి చేత్తో తిరిగింది. గేటు పలక నీళ్ళ అడుగున ఉంటుంది, తెరిచి ఉందో మూసి ఉందో పైనుంచి తెలియదు.

అయినా నమ్మలేదు. గ్రీజు పెట్టడం జాగ్రత్తే కదా అన్నాడు నాతో. నమ్మకం అంటే అదే మరి, పోయేటప్పుడు గోళ్ళతో గోడ పట్టుకుంటుంది. ఒకటి చూస్తాను పిన్నీ అన్నాడు. అక్క దగ్గరికి వెళ్ళి నీలిమందు సంచి ఒకటి అడిగాడు. ఎందుకని ఆవిడ అడగలేదు. తమ్ముడు అడిగితే కిడ్నీ అయినా కాగితంలో చుట్టి ఇచ్చే రకం. నన్ను మాత్రం మధ్యాహ్నం భోజనాల వేళకి రేవులో ఉండమన్నాడు. వియ్యంకుడు అన్నం తినడానికి షెడ్డులోకి పోయినప్పుడు సంచెడు నీలిమందూ మొదటి తొట్టిలో కుమ్మరిస్తాడు. ఊరి మురుగంతా వెళ్ళాల్సిన దారినే వెళితే ఆ నీలం గాలి తొట్లలోకి రావాలి, చిన్నేట్లో చుక్క కనిపించకూడదు.

అక్క ఆసుపత్రి దుప్పట్లు జాడిస్తోంది. నేను బండమీద కూర్చుని ఊళ్ళో కబుర్లు చెబుతున్నాను. ఎందుకొచ్చానో ఆవిడకి తెలియదు. నా చూపు మాత్రం ఎగువన, ప్లాంటు గోడ కింద రెల్లుపొదలమీదే ఉంది. ముందు ఏమీ లేదు. పోనీలే, పిచ్చి అనుమానం, నా నోరే పాడుది అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అంతలో రెల్లు మొదళ్ళలోంచి ఒక నీలపు చార బయటికొచ్చింది. సిరా సీసా ఒలికినట్టు సన్నగా మొదలై, వెడల్పై, ఒడ్డు పట్టుకుని నెమ్మదిగా మా వైపు నడిచొచ్చింది. అక్క చేతిలో దుప్పటి నీళ్ళలో పరిచి ఉంది. నీలం దాని కిందకి చేరింది, దానిలోకి ఎక్కింది.

ఆవిడ ముందు తన సంచి చూసుకుంది. గట్టుమీద కట్టినట్టే ఉంది. తర్వాత నీళ్ళు చూసింది. తర్వాత తలెత్తి, నీలం వచ్చిన దారినే చూపుని వెనక్కి నడిపించి రెల్లుపొదల దగ్గర ఆపింది. తన చేతి సరుకు తనకి తెలియకపోతుందా? "ఇది నేనిచ్చిందే పిన్నీ" అంది. అంతే.

ముక్కు గట్టుమీద పడుతూ లేస్తూ వచ్చాడు. తర్వాత చెప్పాడు నాకు, నీలిమందు పోశాక గాలి తొట్టి దగ్గరికి పరిగెత్తి, నా దగ్గరికే రా, అంతా నా దగ్గరికే రా అని నీళ్ళని బతిమాలుకుంటూ నిలబడ్డాడట. వచ్చింది కొంచెం, వెలిసిపోయిన చొక్కా రంగులో. మిగతాది ఎక్కడికి పోయిందో చూడ్డానికి వచ్చాడు. అక్క చేతిలో దుప్పటి చూశాక ఇంక అడిగే పని లేకపోయింది. ఆ ఒడ్డునే నిలబడి ఆవిడకి అంతా చెప్పాడు. పక్క గేటు సంగతి ముందు, ముక్కు సంగతి తర్వాత. మొదటిది చెబుతున్నప్పుడు ఆవిడ మొహంలో కోపం వచ్చింది. రెండోది చెప్పినప్పుడు ఆ కోపం కూడా పోయింది. ఏమీ మిగల్లేదు.

ముగ్గురం ప్లాంటుకి నడిచాం. ఆవిడ తడి దుప్పటి భుజాన వేసుకుంది, దారంతా నీలం చుక్కలు. వియ్యంకుడు షెడ్డులో టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాడు. దుప్పటి చూశాడు, ఇతన్ని చూశాడు. తెలివైనవాడు, బొంకలేదు.

గాలి ఊదే రెండు మిషన్లూ జల్లెడ వైపు గదిలో ఉంటాయి, తాళం వియ్యంకుడి దగ్గరే. వాటిలో ఒకటి అతని అజాగ్రత్త వల్లే కాలిపోయిందట. సూపర్‌వైజరు పోస్టు చేతికందే సమయం. చెబితే అది పోతుంది. ఒక్క మిషనుతో అంత మురుగూ శుభ్రం కాదు, నీళ్ళు నల్లగా వస్తే ఇంజనీరు పట్టేస్తాడు. అందుకని లోపలికొచ్చే మురుగునే తగ్గించాడు. పక్క గేటు కొంచెం తెరిచాడు. మిషను బాగయ్యేదాకా ఒక్క రోజు అనుకున్నాడు. మిషను బాగవలేదు, గేటు మూతపడలేదు. ఇతని తొట్లలో నీళ్ళు అద్దంలా రావడానికి కారణం అది. సగం ఊరి మురుగు అసలు అక్కడికి రావడమే లేదు.

ముక్కు అదంతా విన్నాడు. గేటు గురించి ఒక్క మాట అడగలేదు.

"నన్నెందుకురా ఏటి ఒడ్డున నిలబెట్టావు?"

బావగారూ అన్న పిలుపు ఎటో పోయింది. బడి బల్లమీద కూర్చున్న ఇద్దరే మిగిలారు.

"నీ మాటయితే జనం నమ్ముతారు" అన్నాడు వియ్యంకుడు. డబ్బా మూత నొక్కుతూ, "నీకెలాగూ వాసన తెలియదు కదరా. నీకు బాధుండదనుకున్నా" అన్నాడు.

తిట్టినా బాగుండేది. అతను ఆ మాట ఓదార్పుగానే అన్నాడు. దాని వెనకే ఇంకోటి, గొంతు తగ్గించి, మా ఇద్దర్నీ ఓరగా చూస్తూ అన్నాడు. ఇంతకాలం నీ సంగతి నేను కడుపులో దాచుకున్నాను, నా సంగతి నువ్వు దాచుకో. గేటు ఇప్పుడే మూసేస్తాను. మీ అమ్మాయి మా ఇంట్లో ఉంది, ఆ సంగతి కూడా చూసుకో. బెదిరింపు కాదది, బతిమాలడమే. కానీ వినేవాడి చెవికి రెండూ ఒకటే.

ముక్కు అక్క వైపు చూశాడు. ఆవిడ దుప్పటిని రెండో భుజానికి మార్చుకుంది. అప్పుడు ఆ చిట్లిన వేళ్ళు, పగుళ్ళలోకి నీలం ఎక్కి గీతలు గీతలుగా ఉన్న వేళ్ళు, అతని కళ్ళకి ఎదురుగా వచ్చాయి. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మ అంటుండేది. ఎవరు నమ్మారో, ఎవరు పుచ్చారో ఆ షెడ్డులో నాకు వేరు చేసి చెప్పడం కష్టమైంది.

ఆ సాయంత్రం అతను దిగువ వీధికి వెళ్ళి దర్జీ ఆమె అరుగుమీద కూర్చున్నాడు. జనం మూగాక లేచి నిలబడి, రెండు చలికాలాలుగా నాకు వాసన తెలియదు, ఏటి దగ్గర మీకు అబద్ధం చెప్పాను, అది మురుగే అన్నాడు. గేటు సంగతి, తెరిచిందెవరో కూడా చెప్పాడు. ఎవరో నవ్వారు. ఎవరో తిట్టారు. పాలవాడు మాత్రం, ఇన్నాళ్ళూ మా ఇంటి ఎలకల్ని కూడా అందాజు మీదే చెప్పావా అని నిజంగానే అడిగాడు. జ్వరం తర్వాత ఎవరింటికి వెళ్ళినా గోడ తడీ మసీ చూసే చెప్పానని ఇతను నిజంగానే జవాబిచ్చాడు.

ఇంజనీరు వచ్చాడు, గేటు మూయించి గొలుసు వేయించాడు, కాలిన మిషను విప్పించాడు. వియ్యంకుణ్ణి పనిలోంచి ఆపేశారు. ముక్కుని అతను భయపడ్డట్టే ప్లాంటు గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. కూతురు వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మంటే రాలేదు. "పదిమందిలో చెప్పేముందు నాతో ఒక్క మాట చెప్పాల్సింది నాన్నా. నేను ఆ ఇంట్లో ఎలా తిరగాలో ఆలోచించావా?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. ఆ పిల్లదీ తప్పని నేను అనలేను.

అక్క మాత్రం ఏమీ అనలేదు. ముక్కే ఉండబట్టలేక ఒకరోజు ఆవిడ ఇంటికి వెళ్ళాడు. నేను ఇస్త్రీ బట్టలు తెచ్చుకోవడానికి అప్పుడే వెళ్ళినట్టు వెళ్ళాను. నిజానికి నాకు ఇస్త్రీ బట్టలేమీ లేవు. అతను వియ్యంకుడు చేసింది తల్చుకుని కుమిలిపోతున్నాడు. వాడికి నా ప్రాణంలాంటి సంగతి చెప్పుకుంటే దాన్నే కత్తి చేసుకున్నాడక్కా అంటున్నాడు. ఆవిడ చేతులకి మందు రాసుకుంటూ విని, తలెత్తకుండా అంది.

"వాడు నీకు చేసిందే నువ్వు నాకు చేశావు. నా ముక్కు నాకు మురుగనే చెప్పింది. నువ్వు నాచన్నావని దాని నోరు నొక్కేశాను."

అతను లేచి చెప్పులేసుకుని వచ్చేశాడు.

ఏరు కొంతకాలానికి బాగుపడింది. రెల్లుపొదల దగ్గర నల్లటి బురద ఇంకా ఉంది గానీ, కంపు పోయింది. ఇప్పుడు ఆ సంగతి చెప్పడానికి ఎవరినీ పిలవడం లేదు. ఎవరి ముక్కుతో వాళ్ళే చూసుకుంటున్నాం. అక్క, దర్జీ ఆమె మళ్ళీ మాట్లాడుకుంటున్నారు. అక్క చేతులు మానుతున్నాయి. తమ్ముడి బట్టల మూట మాత్రం రావడం ఆగిపోయింది. అతను చాలాకాలం తనే కుళాయి దగ్గర ఉతుక్కున్నాడు.

ఈమధ్య ఒకసారి ధైర్యం చేసి మాసిన బట్టలు మూటకట్టి నా చేత ఆవిడకి పంపించాడు. ఆవిడ మారుమాట లేకుండా తీసుకుంది. వారం తిరిగేసరికి మళ్ళీ నా చేతికే ఇచ్చింది. చొక్కాలు కత్తి మడతలతో, కాలరు బిళ్ళలా నిలబడి, ఆవిడ చేతి ఇస్త్రీ ఎలా ఉంటుందో అలాగే ఉన్నాయి. దారిలో ఎందుకో అనుమానమొచ్చి పై చొక్కా వాసన చూశాను. నాకు ఆ గుణం పోదు.

ఎదురింటికి వెళ్ళి ఇచ్చాను. అతని మొహం వెలిగింది. రెండు చేతులా అందుకుని, అలవాటు కొద్దీ చొక్కా మొహానికి ఆనించుకున్నాడు. అంతలో ఆగి దించేశాడు. నా వైపు చాపాడు.

"ఎలా ఉంది పిన్నీ?"

ఘుమఘుమలాడుతోందని చెప్పడం ఎంతసేపు? చెబితే ఆ పూట అన్నం తిని సుఖంగా పడుకుంటాడు. కానీ ఆ ఇంట్లో అలాంటి మాటలు చాలా అయ్యాయి.

"చెమట వాసన నాయనా. ఉతకలేదు. ఇస్త్రీ మాత్రం చేసింది."

అతను మడతమీద చెయ్యి వేసి నిమిరాడు, ఎక్కడా ముడత లేదు. "ఇస్త్రీ అక్కదేనా?"

"ఆవిడదే."

"సరే" అని, చొక్కాలు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. అంత చక్కని మడతలూ విప్పి నీళ్ళలో వేశాడు.

ఇప్పుడు వారం వారం మూట నా చేతిమీదుగానే వెళ్ళొస్తోంది. అతను పంపుతున్నాడు, ఆవిడ తీసుకుంటోంది. ప్రతిసారీ మూట విప్పి ఎలా ఉందని నన్ను అడుగుతాడు, నేను వాసన చూసి ఉన్నదున్నట్టు చెబుతాను. ఇప్పటిదాకా చెమటే.